రికార్డు పుస్తకంలో కాకి లెక్కలు

నాలుగో సెమిస్టర్ మెకానికల్ విద్యార్థుల మెట్రాలజీ (కొలతల శాస్త్రం) రికార్డులు దిద్దడానికి ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. మొదటి ప్రయోగం సన్నని కొలతలు తీసే మైక్రోమీటరుతో ఒక ఉక్కు బుష్ (గొట్టం లాంటి చిన్న ముక్క) బయటి వ్యాసం కొలవడం. మొదటి రికార్డులో రీడింగులు 31.94, 31.95, 31.94. రెండో రికార్డులోనూ అవే. మూడోదీ అంతే. సాయంత్రానికి 46 రికార్డులు తిరగేస్తే 39 చోట్ల అవే మూడు అంకెలు అదే వరుసలో ఉన్నాయి. ఒకరిది చూసి మరొకరు రాసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే కదా అనుకుని సంతకాలు పెట్టేయవచ్చు. కానీ ఆ బుష్ ఇప్పుడు మా ల్యాబులో లేదు. రెండేళ్ల కిందటే ఎక్కడో పోయింది. దాని బదులు విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డుకు వెళ్ళి కొత్తది నేనే చేయించి తెచ్చాను. దాని వ్యాసం 30 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

అంటే 39 మంది తమ చేతిలో ఉన్న వస్తువును వదిలేసి, రెండేళ్లుగా లేని వస్తువు కొలతను రాశారు. పై తరగతి వాళ్ళ రికార్డు నుంచి వీళ్ళకు, వీళ్ళ నుంచి కింది తరగతికి ఆ 31.94 వంశపారంపర్యంగా నడిచి వస్తోంది. ఎర్ర పెన్ను మూత పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

సిద్ధాంతం పేజీ చూసి రాయడం వేరు, రీడింగు చూసి రాయడం వేరు. కోణాలు కొలిచే సైన్ బార్ సూత్రాన్ని పక్కవాడి పుస్తకంలోంచి ఎత్తి రాసినా ఆ సూత్రం నిజమే. రాస్తూ రాస్తూ కొంత బుర్రకు ఎక్కవచ్చు కూడా. రీడింగును అలా ఎత్తి రాస్తే ఆ అంకె అబద్ధం అవుతుంది. మా కోర్సుల పేర్లు చాలా గంభీరంగా ఉంటాయి: తయారీ సాంకేతికత, ఆటోమేషన్, నాణ్యత నియంత్రణ. వీటన్నిటికీ పునాది ఒకే ఒక పని. ముల్లు ఏ అంకె దగ్గర ఆగిందో ఆ అంకె రాయడం. అది మనకు నచ్చినా నచ్చకపోయినా, పక్కవాడి అంకెతో కలిసినా కలవకపోయినా. మూడేళ్ల డిప్లొమాలో, నాలుగేళ్ల బీటెక్‌లో ఈ ఒక్క పనిని మేము నేర్పడం లేదు. పైగా దానికి విరుద్ధమైన అలవాటును ఓపికగా, మార్కులు వేసి మరీ నేర్పిస్తున్నాం.

ఇది నేను దూరం నుంచి చెబుతున్న మాట కాదు. పాలిటెక్నిక్ ముగించుకుని నేను మొదట చేరింది జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగంలో. పంపులకు వెళ్ళే షాఫ్టులు చేసేవాళ్ళం. బేరింగ్ కూర్చునే చోట వ్యాసం 25.002 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 25.015ను మించకూడదు. మొత్తం 13 మైక్రాన్ల వెసులుబాటు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే అందులో అయిదో వంతు కూడా లేదు. గంటకోసారి గ్రైండింగ్ మిషన్ దగ్గరకు వెళ్ళి, వరుసగా అయిదు జాబులు (తయారైన షాఫ్టులు) తీసుకుని, ప్రామాణిక కొలతతో తేడా చూపే కంపారేటర్ కింద పెట్టి, 25 మీద ఎన్ని మైక్రాన్లు వచ్చిందో చార్టులో రాయాలి.

రాత్రి షిఫ్టులో మూడు దాటితే కళ్ళు మూతలు పడతాయి. ఒక రోజు నాలుగింటికీ వెళ్ళలేదు, అయిదింటికీ వెళ్ళలేదు. ఆరింటికి షిఫ్టు మారేలోగా ఆ రెండు గడులూ కూర్చున్న చోటే నింపాను. 8, 8, 7, 9, 8. తర్వాత 8, 7, 8, 8, 9. అది తప్పు పని అన్న ఆలోచన కూడా నాకు రాలేదు. కాలేజీలో మూడేళ్లు చేసిన పనే కదా అది. ఖాళీ గడి కనిపిస్తే నమ్మశక్యంగా ఉండే అంకెతో నింపడం నాకు చేతికి వచ్చిన విద్య.

ఆ రెండు గంటల్లో గ్రైండింగ్ వీల్ అరిగింది. వీల్ అరిగేకొద్దీ జాబ్ వ్యాసం కొద్దికొద్దిగా పెరుగుతుంది. మధ్యలో వీల్ డ్రెస్సింగ్ చేసి (అరిగిన ముఖాన్ని మళ్ళీ సరిచేసి) కొలత సరిచూసుకోవాలి. పెరుగుతోందని చెప్పవలసిన చార్టు అంతా బాగుందని చెప్పింది. లావైన షాఫ్టులు అసెంబ్లీకి వెళ్ళాయి. వాటి మీద బేరింగులు మరీ బిగుతుగా ఎక్కి, లోపల గుండ్లు తిరగడానికి ఉండవలసిన సందు పోయింది. పంపులు నడిపి చూసే పరీక్షలో బేరింగులు కాలిపోయేంత వేడెక్కాయి. నాలుగు రోజుల పాటు స్టాకులో ఉన్న ప్రతి షాఫ్టునూ ఒక్కొక్కటిగా తీసి కొలిచి వేరు చేశాం.

మా సీనియర్ ఇన్‌స్పెక్టర్ పదో తరగతి దాటని మనిషి. మైక్రోమీటర్ పట్టుకుంటే ఆయన వేళ్ళకు అదొక అవయవంలా ఉండేది. ఆ వారం చార్టులన్నీ బల్ల మీద పరిచి, ఎవరినీ ఏమీ అడగకుండానే నా రెండు గడుల మీద వేలు పెట్టాడు. “ఇవి కొలిచినవి కావు నాయనా. మిగతా గంటలన్నీ చూడు. నాలుగు నుంచి పన్నెండు దాకా చెదిరి ఉన్నాయి. ఇక్కడే అంత బుద్ధిగా ఎలా ఉంటాయి? మిషన్ ఎప్పుడూ ఇంత సాఫీగా పలకదు.” పైవాళ్ళకు ఆయన నా పేరు చెప్పలేదు. “రాసినవాడివి నువ్వు, చెప్పవలసిందీ నువ్వే” అన్నాడు. వెళ్ళి చెప్పాను.

ఆయన కంటితో పట్టుకున్నది గణాంకశాస్త్రంలో ఉన్న నియమమేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మేము గంటకోసారి నింపిన అలాంటి చార్టు, అంటే కంట్రోల్ చార్ట్, పుట్టింది 1924 మే 16న. అమెరికాలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థ తనిఖీ విభాగంలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి ఒక పేజీ మెమో రాసి ఇచ్చాడు. అందులో మూడో వంతు ఒక బొమ్మే. ఆ బొమ్మ వెనుక ఉన్న ఆలోచన ఇది: ఏ యంత్రమూ ఒకే కొలతను రెండుసార్లు ఇవ్వదు. దాని చలనంలోనే సహజమైన ఊగిసలాట ఒకటి ఉంటుంది. దానికి పైన, కారణం వెతికి పట్టుకోదగిన మార్పు మరొకటి ఉంటుంది: వీల్ అరగడం, కొత్త ఉక్కు లాటు రావడం, బిగింపు వదులు కావడం. కొలతలు సగటు నుంచి మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే అంకెను సిగ్మా అంటారు. సగటుకు అటు మూడు సిగ్మాలు, ఇటు మూడు సిగ్మాలు గీతలు గీస్తే, సహజమైన ఊగిసలాట వల్ల ఆ గీతలు దాటే బిందువులు 10,000కు 27 మాత్రమే. కాబట్టి గీత దాటిన చుక్క కనిపిస్తే వెళ్ళి కారణం వెతకాలి.

విద్యార్థులు ఇంతవరకే చదివి పరీక్ష రాస్తారు. చార్టు చదివే నియమాల్లో ఇంకొకటి ఉంది, దానిని తరగతిలో దాదాపుగా ఎవరూ చెప్పరు. వరుసగా 15 బిందువులు మధ్య గీతకు ఒక సిగ్మా దూరం దాటకుండా దాన్నే అంటిపెట్టుకుని ఉంటే, అదీ ప్రమాద సంకేతమే. నమూనాలు తీసే పద్ధతిలోనో, లెక్క కట్టడంలోనో ఏదో తేడా ఉంది. లేదా ఆ అంకెలు కొలిచినవి కావు. మరీ మంచి డేటా కూడా జబ్బే. నాకు ఈ కోర్సు మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే అనిపిస్తుంది. మన ల్యాబు రికార్డులు ఈ నియమం ముందు ఒక్కటీ నిలబడవు.

అదే 1924లో జపాన్‌లో సకిచి టొయోడా తన జి రకం ఆటోమేటిక్ మగ్గాన్ని పూర్తి చేశాడు. దాని గొప్పతనం వేగంలో మాత్రమే లేదు. పడుగులో ఒక పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోతుంది. మంగళగిరిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మా విద్యార్థి ఒకరికి ఇది చెప్పగానే మిగతా తరగతికి తనే వివరించాడు: తెగిన పోగును చూడకుండా నేసుకుంటూ పోతే ఆ లోపం బట్ట పొడవునా గీతలా వస్తుందని, అందుకే వాళ్ళ నాన్న కళ్ళు ఎప్పుడూ పడుగు మీదే ఉంటాయని. టొయోడా మగ్గంలో పెట్టింది నేతగాడి ఆ చూపునే. తర్వాత టొయోటా కార్ల కంపెనీ దీన్నే జిడోకా అని పిలిచి తన ఉత్పత్తి పద్ధతికి ఒక మూలస్తంభం చేసుకుంది. ఆ మాట రాసేటప్పుడు మామూలు ‘ఆటోమేషన్’ మాటలోని ఒక అక్షరానికి మనిషిని సూచించే గుర్తును చేర్చి రాస్తారు.

ఆటోమేషన్ అంటే మా పిల్లలకు కళ్ళ ముందు కదిలేది రోబో చెయ్యి. కాలేజీ ప్రచార పత్రం మీద ఉండేదీ అదే. పిఎల్‌సి (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) ల్యాబులో దాని ప్రోగ్రాం అయిన లాడర్ డయాగ్రం గీస్తారు, స్టార్ట్ బటన్ నొక్కితే బల్బు వెలుగుతుంది, వెలిగిందని రాస్తారు. సెన్సర్ అబద్ధం చెబితే ఏమవుతుందన్న ప్రశ్న సిలబస్‌లో ఎక్కడా రాదు. నిజమైన షాపులో వచ్చేది ఆ ప్రశ్నే. జాబ్ తయారవగానే గేజ్ దాన్ని కొలుస్తుంది, ఆ కొలత కంప్యూటర్‌తో నడిచే సిఎన్‌సి మిషన్‌కు వెళ్తుంది, మిషన్ తన ఆఫ్‌సెట్ (పనిముట్టు స్థానంలో చేసే సవరణ) తనే మార్చుకుంటుంది. చేతితో నడిచే లేత్ దగ్గర తప్పు అంకె ఒక జాబును పాడు చేస్తుంది. ఇక్కడ తప్పు అంకె తర్వాత వచ్చే ప్రతి జాబునూ పాడు చేస్తుంది. మనిషికైతే కాసేపటికి అనుమానం వస్తుంది. యంత్రానికి, ఎవరో ముందే నేర్పి ఉంటే తప్ప, అనుమానం రాదు.

సరైన అంకె వచ్చినా సరే, దానితో ఏం చేయాలో తెలియకపోతే నష్టమే. దీన్ని చూపించడానికి అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన శిక్షణ తరగతుల్లో గరాటు ప్రయోగం చేసేవాడు. మేము మా తరగతిలో చేశాం. కిరాణా కొట్టులో నూనె పోసే గరాటు, ఒక గోళీ, గ్రాఫ్ కాగితం, దాని మీద కార్బన్ పేపరు. గోళీ పడిన చోట చుక్క పడుతుంది. మొదటి జట్టు గరాటును గురి మీద పెట్టి 50 సార్లు అలాగే వదలాలి. రెండో జట్టు ప్రతిసారీ గోళీ ఎంత పక్కకు పడిందో చూసి, గరాటును అంతే దూరం ఎదురు దిక్కుకు జరపాలి. ఏ జట్టు గెలుస్తుందని అడిగితే తరగతి మొత్తం రెండో జట్టు వైపే చెయ్యి ఎత్తింది. తప్పు దిద్దుకునేవాళ్ళే కదా బాగుపడేది! కాగితాలు గోడకు అంటించాక చూస్తే రెండో జట్టు చుక్కలే ఎక్కువ చెదిరాయి. లెక్క ప్రకారం చెదురు దాదాపు 1.4 రెట్లు కావాలి. సహజమైన ఊగిసలాటను తప్పు అనుకుని ప్రతిసారీ సరిచేయబోతే, ఉన్న ఊగిసలాటకు మన దిద్దుబాటు ఊగిసలాట కూడా తోడవుతుంది. ప్రతి జాబుకూ ఆఫ్‌సెట్ మార్చే ప్రోగ్రాం రాసే కుర్రవాడు చేసేది సరిగ్గా ఇదే. ఈ ప్రయోగానికి మాకు అయిన ఖర్చు వంద రూపాయలు దాటలేదు.

ఖర్చు గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఈ మాట ఎత్తగానే నాకు వచ్చే మొదటి సమాధానం ‘పరికరాలు లేవు’ అని. పరికరాలు చాలా చోట్ల ఉన్నాయి, బీరువాలో ఉన్నాయి. నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీలో 87 ముక్కల స్లిప్ గేజుల (కచ్చితమైన మందం ఉన్న కొలత ముక్కలు) పెట్టె ఉండేది. తనిఖీ బృందం వచ్చిన రోజు మాత్రమే దాని మూత తెరిచేవాళ్ళు. ఒక ముక్క పోయినా, తుప్పు పట్టినా ఆ సొమ్ము ల్యాబు బాధ్యుడి జీతం నుంచి పోతుందన్న భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. కానీ రెండు ముక్కలను శుభ్రంగా తుడిచి, ఒకదాని మీద ఒకటి ఆనించి జరుపుతూ తిప్పితే, జిగురూ అయస్కాంతమూ లేకుండా అవి అతుక్కుపోతాయి. ఆ అతుకును వేళ్ళతో ఒక్కసారి అనుభవించిన విద్యార్థికి ‘మైక్రాన్’ అన్న మాట పుస్తకంలోంచి చేతిలోకి వస్తుంది. నా విద్యార్థులు పాత పెట్టెలోని అరిగిన ముక్కలతోనే అది నేర్చుకున్నారు.

ఎండాకాలం గురించీ ఒక మాట. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. రికార్డులో అందరూ ‘కొలత 20 డిగ్రీల దగ్గర తీయవలెను’ అని చక్కగా రాస్తారు. మే నెల మధ్యాహ్నం విజయవాడలో గది బయట 42 డిగ్రీలు, గది లోపల ఏసీ ఉండదు. వంద మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క ఆ వేడికి 50 మైక్రాన్లు పెరుగుతుంది. దాన్ని కొలిచే ఉక్కు గేజు అందులో సగం పెరుగుతుంది. కాబట్టి వాళ్ళు రాసే రీడింగులో 25 మైక్రాన్లు ఎండ వాటా. గదిలో ఒక థర్మామీటర్ వేలాడదీసి, రీడింగు పక్కన ఉష్ణోగ్రత కూడా రాయమంటే చాలు, ఈ పాఠం దానంతట అదే వస్తుంది. ఎవరి రికార్డులోనూ నేను ఆ గడి చూడలేదు.

అయితే పిల్లలను మాత్రమే నిందించడం నాకు అన్యాయంగా తోస్తుంది. తిలా పాపం తలా పిడికెడు. అరవై మందికి మూడు మైక్రోమీటర్లు, రెండు గంటల సమయం ఇస్తే వాళ్ళు ఏం చేస్తారు? కొట్టివేత కనిపిస్తే మార్కు తగ్గించేది మేమే. ‘జవాబు’ రాలేదని మళ్ళీ రాయించేదీ మేమే. ఇంకా చెప్పాలంటే, కాలేజీకి గుర్తింపు కోసం మేము నింపే పట్టికల సంగతి. ప్రతి కోర్సులో విద్యార్థులు అనుకున్న లక్ష్యాన్ని ఎంతవరకు చేరుకున్నారో మూడుకు ఎంత అని అంకె వేయాలి. ఆ పట్టికలో ముందు 2.4 అని రాసుకుని, దానికి సరిపడేలా మార్కులను వెనక్కి లెక్క కట్టడం నేను కళ్ళారా చూశాను. ఒక ఏడాది నేనూ చేశాను. జీడిమెట్ల చార్టులో నేను నింపిన ఆ రెండు గడులకు, ఈ 2.4కు తేడా లేదు. నాణ్యత గురించి పాఠం చెప్పే గదిలోనే నాణ్యత పట్టిక కల్పితమైతే, పిల్లలు దేన్ని చూసి నేర్చుకోవాలి?

ఫ్యాక్టరీకి వెళ్ళాక వాళ్ళే నేర్చుకుంటారులే అంటారు కొందరు మిత్రులు. మైక్రోమీటర్ పట్టడం వారంలో నేర్చుకుంటారు, నిజమే. ఖాళీ గడిని ఖాళీగా వదిలి ‘కొలవలేదు’ అని రాసే ధైర్యం వారంలో రాదు. వీళ్ళలో సగం మంది సాఫ్ట్‌వేర్‌కే వెళ్తారు, ఎందుకీ బాధ అనేవాళ్ళూ ఉన్నారు. అక్కడా వాళ్ళు చూసేది ఎవరో ఎక్కడో నింపిన గడులనే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మనవాళ్ళ పని మనకు తిరిగి వచ్చేటప్పుడు పరాయి పేరుతో వస్తుంది. ప్రయోగాల రూపకల్పన అనే అధ్యాయంలో జపాన్ ఇంజనీరు టగుచి పద్ధతిని జపాన్ విద్యగా చెప్పి ముగిస్తారు. అందులో వాడే ఆర్థోగొనల్ అర్రేలకు (ఏ ప్రయోగంలో ఏ అంశాన్ని ఎలా మార్చాలో చెప్పే పట్టికలకు) 1940లలో గణిత పునాది వేసినవాడు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో చిన్నప్పటి చదువు, విశాఖలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం ఎంఏ, ఆపైన కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. షూహార్ట్ 1947-48లో ఆ సంస్థకు వచ్చాడు. 1950లలో టగుచీ వచ్చాడు. మా కాలేజీకి నూజివీడు, నందిగామ రెండూ బస్సు దూరమే. ఇది పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళు వెన్ను నిటారు చేసుకుని కూర్చోవడం చూశాను. కానీ ఆ గర్వం కోసమే చెప్పను. ఎనిమిది ప్రయోగాల అర్రేలో ఏడు అంశాల ప్రభావాన్ని ఒకేసారి లెక్క కట్టవచ్చు. ప్రతి ప్రభావాన్నీ ఆ ఎనిమిది రీడింగులన్నీ కలిసి నిర్ణయిస్తాయి. వాటిలో ఒక్కటి కల్పించి రాస్తే ఏడు ఫలితాలూ చెడతాయి. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ తెలుసుకునే ఆ పొదుపు, ప్రతి అంకె నిజమైతేనే దక్కుతుంది.

ఆ 39 రికార్డుల తర్వాత నేను చేసింది చాలా చిన్న పని. ఆటోనగర్ షెడ్డులోనే మళ్ళీ పన్నెండు బుష్‌లు చేయించాను. వ్యాసాలు కొద్దిగా తేడాతో ఉంటాయి, ఒక్కో దాని మీద ఒక్కో నంబరు కొట్టించాను. ఎవరికి ఏది వస్తుందో చీటీ తీయాలి. పది రీడింగులు పెన్నుతోనే రాయాలి. తప్పనిపిస్తే ఒక గీతతో కొట్టేసి, కింది అంకె కనిపించేలా ఉంచి, పక్కన కారణం రాయాలి. తర్వాత బుష్‌ను పక్కవాళ్ళకు ఇచ్చి వాళ్ళ చేత కొలిపించి, తేడా ఎంత వచ్చిందో చూడాలి. పది మార్కుల్లో అసలు వ్యాసానికి దగ్గరగా వచ్చినందుకు రెండే. మిగతా ఎనిమిదీ చెదురును దాచకుండా రాసి, దాన్ని వివరించినందుకు.

మొదటి వారం గందరగోళంగా గడిచింది. ‘సరైన జవాబు ఎంత?’ అని ముప్పై మంది అడిగారు. మూడో వారానికి ఆ ప్రశ్న తగ్గింది. ఒక అమ్మాయి రికార్డులో నాలుగో రీడింగు 30.52. మిగతావన్నీ 30.01, 30.02, 30.03. ఆ 30.52 మీద ఒక గీత, పక్కన సన్నటి అక్షరాలతో ‘స్లీవ్ మీద అర మిల్లీమీటరు గీత కనిపించిందనుకున్నాను, కనిపించలేదు, మళ్ళీ కొలిచాను’ అని రాసింది. మైక్రోమీటర్ చేతబట్టిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకసారి పడే గోతి అది. ఆమెకు పదికి పది వేశాను.

సెమిస్టర్ చివర ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన లెక్చరర్ వయసులో పెద్దవారు, మర్యాదస్థులు. ఆ పేజీ దగ్గర ఆగి, “ఈ కొట్టివేతలేమిటమ్మా, రికార్డు ఇలా ఉంచుతారా?” అని అడిగారు. నేను మాట్లాడబోయి ఆగాను. ఆమె భయపడలేదు. ఏడో నంబరు బుష్, మైక్రోమీటర్ తెచ్చి ఆయన ముందు పెట్టి, “ఒకసారి మీరు చూడండి సార్” అంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ముందు మైక్రోమీటర్ శూన్యం దగ్గర ఉందో లేదో చూసుకుని, రాచెట్ నెమ్మదిగా తిప్పి మూడుసార్లు కొలిచారు. ఆయనకు వచ్చింది 30.03, 30.02, 30.03.

ఆమె పెన్ను తీసి, “మీ రీడింగులు కూడా రాసుకోవచ్చా సార్?” అని అడిగింది. ఆయన రికార్డును ఆమె వైపు తిప్పారు.